మోకాలికి ఎక్సోజోమ్ ఇంజెక్షన్ వేయించాలా? అసలు ఆ సీసాలో ఏముంటుంది?

తాడిపత్రి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది, క్లుప్తంగా చెబుతాను. అడిగినవాళ్ల నాయనకు 62 ఏళ్లు. వయసంతా శనక్కాయ చేనులోనే గడిచింది. రెండు మోకాళ్లూ అరిగాయని, ఎక్స్‌రేలో గ్రేడ్ 3 అని డాక్టరు చెప్పారు. ఈలోగా బెంగళూరులో ఒక క్లినిక్ వాళ్లు ఎక్సోజోమ్ థెరపీ (కణాలు వదిలే అతి చిన్న సంచులను ఎక్కించే చికిత్స) ఉందని, మూడు ఇంజెక్షన్లకు రెండున్నర లక్షలవుతుందని, ఇక ఆపరేషన్ అవసరమే రాదని చెప్పారట. బంగారం కుదువ పెట్టయినా చేయిద్దామా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. వాళ్ల చెల్లెలు కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ చదువుతోందట. ఇవి ఎలా తయారుచేస్తారో కూడా వివరంగా రాయమన్నారు.

ముందు జవాబు. ఆ ఇంజెక్షన్ వేయించకండి, దానికోసం బంగారం కుదువ పెట్టకండి. ఎక్సోజోమ్‌ల వెనక నిజమైన సైన్స్ ఉంది, నేను కాదనను. నా పనే అది. కానీ ఆ సైన్స్ ఇంకా మోకాలి మందు దాకా రాలేదు. మోకాళ్ల అరుగుదలకు ఎక్సోజోమ్ ఇంజెక్షన్‌ను మన దేశంలో మందుగా ఆమోదించలేదు. అమెరికాలో అయితే ఏ జబ్బుకూ ఏ ఎక్సోజోమ్ మందుకూ అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. "ఆపరేషన్ అవసరమే రాదు" అని చెప్పడానికి ఆ క్లినిక్ దగ్గర ఆధారం లేదు.

నేను డాక్టరును కాను. కణాలను పెంచి, వాటి నుంచి ఈ సంచులను (వీటినే వెసికిల్స్ అంటారు) వేరుచేసే ల్యాబుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు కర్నూలులో ఉంటూ ఇదే రంగంలో పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. కాబట్టి తయారీ గురించి చెప్పేది చేతులతో చేసిన పని. మోకాలి వైద్యం గురించి చెప్పేది ప్రచురితమైన పరిశోధనల నుంచి, నాతో పనిచేసిన ఆర్థోపెడిక్ డాక్టర్ల నుంచి నేర్చుకున్నది. మీ నాయనను చూసిన డాక్టరు మాటకు నా మాట ప్రత్యామ్నాయం కాదు.

ఇవి ఏమిటి?

మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన చుట్టూ ఉన్న ద్రవంలోకి అతి చిన్న సంచులను విడుదల చేస్తూ ఉంటుంది. కణానికి ఉన్నట్టే వీటికీ కొవ్వు పొర ఉంటుంది, లోపల ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. అన్నిటినీ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్ అంటారు. కణం లోపలి గదుల్లో తయారై బయటికి వచ్చేవి ఎక్సోజోమ్‌లు. సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. కణం పైపొర నుంచే ఉబ్బి తెగిపోయేవి మైక్రోవెసికిల్స్, ఇవి 1,000 నానోమీటర్ల దాకా ఉండొచ్చు. రెండింటి సైజులూ ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి, ఒకసారి బయటికొచ్చాక ఏది ఏదో విడదీయడం చాలా కష్టం. సీసా మీద "స్వచ్ఛమైన ఎక్సోజోమ్‌లు" అని రాసి ఉంటే, ఆ మాటను నిరూపించడం పెద్ద పెద్ద ల్యాబులకే కష్టమని గుర్తుంచుకోండి.

1967లో పీటర్ వుల్ఫ్ రక్తంలో ప్లేట్‌లెట్ల నుంచి వచ్చిన ఈ రేణువులను చూసి ప్లేట్‌లెట్ ధూళి అన్నాడు. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ బృందం, అమెరికాలో ఫిలిప్ స్టాల్ బృందం విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టాయి. ఎర్ర రక్తకణం ఎదిగేటప్పుడు తనకు ఇక అక్కర్లేని ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌ను (ఇనుమును లోపలికి తెచ్చుకునే ప్రోటీన్‌ను) ఈ సంచుల్లో పెట్టి బయటికి పంపేస్తోంది. దాంతో చాలా ఏళ్లు వీటిని కణం పారేసే చెత్తగానే చూశారు. 1996లో బి కణాల (రోగనిరోధక కణాల్లో ఒక రకం) నుంచి వచ్చే ఎక్సోజోమ్‌లు రోగనిరోధక కణాలను ప్రేరేపించగలవని తేలింది. 2007లో స్వీడన్‌లో యాన్ లొట్వాల్ బృందం, ఒక కణం నుంచి వెళ్లిన సంచిలోని ఆర్‌ఎన్‌ఏ ఇంకో కణంలోకి చేరి అక్కడ పనిచేస్తుందని చూపించింది. ఈ రంగంలోకి జనం వెల్లువలా వచ్చింది ఆ తర్వాతే.

వైద్యం వైపు ఎందుకు మళ్లిందంటే, దానికి స్టెమ్ సెల్స్ కారణం. వాటిలో ఒక రకమైన మెసెంకైమల్ కణాలను జంతువులకు ఎక్కిస్తే గాయం మానడంలో మేలు కనిపించేది, కానీ కొన్ని రోజులకు వెతికితే ఎక్కించిన కణాలు దాదాపు కనిపించేవి కావు. కణాలు పోయినా మేలు మిగిలిందంటే అవి వదిలినదేదో పనిచేస్తోందన్న అనుమానం వచ్చింది. 2010లో సింగపూర్‌లో సై కియాంగ్ లిమ్ బృందం, ఆ కణాల ఎక్సోజోమ్‌లు మాత్రమే ఇచ్చినా ఎలుకల గుండెకు దెబ్బ తగ్గిందని ప్రచురించింది. కణాలు కాకుండా సంచులే ఇస్తే సౌకర్యాలూ ఉన్నాయి. అవి ఒంట్లో పెరగవు, గడ్డలుగా మారవు, కణాలంత పెద్దవి కాదు కాబట్టి ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో ఇరుక్కునే భయం తక్కువ, గడ్డకట్టించి దాచుకోవచ్చు.

తయారీ ఎలా?

ఇది చెల్లెమ్మ కోసం కాస్త నిదానంగా రాస్తాను. మీరూ చదవండి, ఎందుకంటే క్లినిక్‌ను ఏం అడగాలో ఇక్కడే తెలుస్తుంది.

మొదటిది కణం ఎక్కడిది అన్నది. ఎక్కువగా బొడ్డుతాడు, పొట్ట కొవ్వు, ఎముక మజ్జల నుంచి మెసెంకైమల్ కణాలు తీస్తారు. బొడ్డుతాడు అయితే కాన్పు సమయంలో తల్లి రాతపూర్వక అంగీకారం తీసుకుని, ఆమెకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేయించాలి. ఇక్కడ సడలింపు ఉంటే ఆ తర్వాత ఎంత బాగా చేసినా లాభం లేదు. కారణం తర్వాత చెబుతాను.

కణాలను ఫ్లాస్కుల్లో పెంచుతారు. ఫ్లాస్కు నిండాక విడదీసి కొత్త ఫ్లాస్కులకు మార్చడాన్ని పాసేజ్ అంటారు. పాసేజ్‌లు పెరిగేకొద్దీ కణాలు ముసలివవుతాయి. సన్నగా కదురులా ఉండే కణాలు మైక్రోస్కోపు కింద వెడల్పుగా, పల్చగా పరుచుకుని కనిపిస్తాయి. అవి వదిలే సంచుల్లోని సరుకూ మారుతుంది. ఒకే కణం నుంచి, ఒకే ల్యాబులో, నాలుగో పాసేజ్‌లో తీసింది, పన్నెండో పాసేజ్‌లో తీసింది ఒకే మందు కాదు. దాత మారితే అసలే వేరు.

పెంచే ద్రవంలో మామూలుగా దూడ సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలుపుతారు. దాంట్లోనూ దూడ కణాల వెసికిల్స్ కోట్ల కొద్దీ ఉంటాయి. వాటిని ముందే గంటల తరబడి అతివేగ సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబులను గిర్రున తిప్పే యంత్రంలో) తిప్పి తీసేయాలి, లేదా సీరమ్ లేని ద్రవం వాడాలి. ఈ జాగ్రత్త పడకపోతే చివర్లో మనం లెక్కపెట్టేది చాలావరకు దూడవే. నేర్చుకునే పిల్లలు "సార్, దిగుబడి బాగా వచ్చింది" అని సంతోషంగా వస్తే, కణాలు లేకుండా ఉత్త ద్రవాన్ని కూడా ఇలాగే తిప్పి చూశారా అని మొదట అడుగుతాను. ఆ పోలిక లేని దిగుబడి లెక్కలోకి రాదు.

కణాలు ఉన్న ద్రవాన్ని ఒకటి రెండు రోజుల తర్వాత తీసి వరసగా తిప్పుతారు. మొదట 300 రెట్ల గురుత్వాకర్షణ దగ్గర కణాలు పోతాయి, తర్వాత 2,000 దగ్గర చచ్చిన కణాల ముక్కలు, 10,000 దగ్గర పెద్ద వెసికిల్స్. చివరికి 1,00,000 రెట్ల దగ్గర గంట పైన తిప్పితే చిన్న వెసికిల్స్ అడుగున చేరతాయి. ఈ చివరి దశ చూడాల్సిందే. రోటర్ ఆగాక ట్యూబు తీస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకే తిప్పే ముందే, అడుగు ఎటువైపు చేరుతుందో ట్యూబు బయట మార్కర్‌తో గీత గీసి పెట్టుకుంటాం. పై ద్రవాన్ని వంచేశాక, లైటుకు ఎదురుగా ఏటవాలుగా పట్టుకుంటే ఆ గీత దగ్గర గాజు మీద వేలిముద్ర పడినట్టు మసక మచ్చ కనిపిస్తుంది, ఒక్కోసారి అదీ కనిపించదు. ఆ గోడ మీదే కొన్ని చుక్కల సెలైన్ లాంటి ద్రవం వదిలి, నురగ రాకుండా పైపెట్‌తో మెల్లగా కడిగి తీయాలి. లీటర్ల కొద్దీ ద్రవం నుంచి చివరికి చేతికి వచ్చేది అంతే. గట్టిగా తిప్పితే సంచులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి కూడా.

పెద్ద ఎత్తున చేసేవాళ్లు ఇలా తిప్పరు. ద్రవాన్ని సన్నటి రంధ్రాల పొర వెంట పక్కగా పారించి చిక్కపరుస్తారు, దాన్ని టాంజెన్షియల్ ఫ్లో ఫిల్ట్రేషన్ అంటారు. తర్వాత సైజును బట్టి వేరుచేసే కాలమ్‌లోకి పంపుతారు, ముందు వెసికిల్స్, వెనక ప్రోటీన్లు దిగుతాయి. ఈ రెండూ కలిపి చేస్తే సరుకు చాలా శుభ్రంగా వస్తుంది. చెల్లెమ్మకు అవకాశం దొరికితే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌తో పాటు ఈ కాలమ్ పని తప్పకుండా నేర్చుకోమనండి.

లెక్క వేరు, పని వేరు

క్లినిక్ కరపత్రంలో "ఒక్కో డోసులో 10,000 కోట్ల ఎక్సోజోమ్‌లు" లాంటి మాట ఉండే ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుందో చెబుతాను. పల్చబరిచిన ద్రవంలోంచి లేజర్ కాంతి పంపితే, చీకటి గదిలో కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము రేణువులు తేలినట్టు తెల్లటి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. కెమెరా వాటి కదలికను పట్టి సైజు, సంఖ్య లెక్క కడుతుంది. అది మంచి యంత్రమే, నేనూ ఎంతో వాడాను. కానీ ఆ చుక్క ఎక్సోజోమా, ప్రోటీన్ ముద్దా, రక్తంలోని కొవ్వు రేణువా అన్నది మామూలుగా దానికి తెలియదు. మురికి సరుకుకు పెద్ద అంకె వస్తుంది.

అందుకే ఈ రంగంలోని అంతర్జాతీయ సంఘం 2014లో, మళ్లీ 2018లో, 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. సంఖ్యతో పాటు సీడీ63, సీడీ81, సీడీ9 లాంటి, వెసికిల్స్ పొర మీద ఉండే గుర్తు ప్రోటీన్లు ఉన్నాయా, ఉండకూడని కణాంతర ప్రోటీన్లు, అల్బుమిన్ లాంటివి ఎంత ఉన్నాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పొర ఉన్న సంచులు కనిపిస్తున్నాయా అని చూపించాలి. రేణువుల సంఖ్యను ప్రోటీన్ బరువుతో భాగించి చూడటం ఇంకో మంచి అలవాటు. ఒక మైక్రోగ్రాము ప్రోటీన్‌కు 3,000 కోట్ల రేణువులకు పైన ఉంటే శుభ్రమైన సరుకని 2013లో ఒక పరిశోధన సూచించింది.

ఇవన్నీ బాగున్నా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ బ్యాచ్ పని చేస్తుందా? పారాసిటమాల్ మాత్రలో మందు ఎన్ని మిల్లీగ్రాములుందో కొలిస్తే చాలు. ఎక్సోజోమ్‌లో వందల రకాల ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. మోకాలికి మేలు చేసేది వాటిలో ఏదో ఇంకా కచ్చితంగా తేలలేదు. తేలకపోతే ఏం కొలవాలి? దీన్నే పొటెన్సీ పరీక్ష అంటారు. ఈ రంగం మొత్తానికి ఇప్పుడు పెద్ద అడ్డంకి ఇదే, కంపెనీలన్నీ ఇక్కడే తడబడుతున్నాయి.

ఇక దాత పరీక్షల దగ్గర పైన ఆపిన కారణం. ఇంజెక్షన్ మందును చివర్లో 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా వడగడతారు. అంటే 220 నానోమీటర్లు. బ్యాక్టీరియా ఆగిపోతుంది. హెచ్‌ఐవీ వైరస్ సుమారు 100 నుంచి 120 నానోమీటర్లు, హెపటైటిస్ బి 42 నానోమీటర్లు. ఎక్సోజోమ్‌లు దిగే రంధ్రంలోంచే వైరస్‌లూ దిగుతాయి. రెండింటి సైజూ, బరువూ దగ్గరదగ్గరగా ఉండటంతో తిప్పి వేరుచేయడమూ కష్టమే. గట్టిగా వేడిచేసి వైరస్‌ను చంపుదామంటే వెసికిల్స్ పాడవుతాయి. అందుకే దాత పరీక్షలు, కణాల బ్యాంకు పరీక్షలు అంత ముఖ్యం. ఆ కాగితాలు చూపించని సీసాను మీ నాయన కీలులోకి ఎక్కించడం నాకు భయం పుట్టించే సంగతి.

క్లినిక్‌లలో దొరికేది ఎలా ఉంటుంది?

మా వీధిలో ఒకామె జుట్టు రాలుతోందని ఎక్సోజోమ్ చికిత్సకు డబ్బు కట్టి, ఖాళీ పెట్టె ఇంటికి తెచ్చి నాకు చూపించారు. లోపల రెండు చిన్న సీసాలు, ఒకదాంట్లో పొడి, ఒకదాంట్లో కలిపే ద్రవం. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో అది కాస్మెటిక్ అని, పైపూతకు మాత్రమేనని ఉంది. ఏ కణాల నుంచి తీశారో లేదు. దాన్ని ఆమె తల మీద సూదులతో గుచ్చి లోపలికి పంపారు. దక్షిణ కొరియాలో ఇలాంటివి కాస్మెటిక్‌లుగానే రిజిస్టర్ అవుతాయి, ఇంజెక్షన్‌గా కాదు. మీకు చూపించే సీసా కూడా అలాంటిదే కావచ్చు. కనీసం ఫోటో తీసుకుని లేబుల్ మొత్తం చదవండి.

నిల్వ సంగతీ చూడండి. ద్రవరూపంలో ఉన్న వెసికిల్స్‌ను మైనస్ 80 డిగ్రీల దగ్గర దాస్తాం. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే పొరలు చితికిపోతాయి, ముద్దలవుతాయి. ట్రెహలోజ్ అనే చక్కెర కలిపితే నష్టం తగ్గుతుంది, అలా కలిపి పొడిగా మార్చే పద్ధతులూ ఉన్నాయి. ఎండాకాలంలో థర్మాకోల్ పెట్టెలో కరిగిన ఐస్ ప్యాక్‌తో వచ్చిన సీసాలో ఏం మిగిలి ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మన అనంతపురం ఎండలు మీకు నేను చెప్పక్కర్లేదు.

మనుషుల మీద ఇప్పటిదాకా తెలిసింది

2014లో జర్మనీ డాక్టర్లు, ఎముక మజ్జ మార్పిడి తర్వాత తీవ్రమైన ప్రతిచర్య వచ్చిన ఒక రోగికి మెసెంకైమల్ కణాల ఎక్సోజోమ్‌లు ఇచ్చి లక్షణాలు తగ్గాయని రాశారు. ఒకే ఒక్క రోగి. ఫ్రాన్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు రోగనిరోధక కణాల ఎక్సోజోమ్‌లతో రెండో దశ ట్రయల్ చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. పెట్టుకున్న ప్రధాన లక్ష్యం చేరలేదు. ఈ రంగంలో బాగా పేరున్న కోడియాక్ అనే అమెరికా కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది.

హాని కూడా జరిగింది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఆమోదం లేని ఎక్సోజోమ్ ఉత్పత్తులు తీసుకున్నవాళ్లలో తీవ్ర దుష్ప్రభావాలు కనబడటంతో 2019 డిసెంబరులో ఎఫ్‌డీఏ ప్రజలకు హెచ్చరిక జారీచేసింది.

మోకాలి విషయానికి వస్తే, సింగపూర్‌లోనే 2016లో ఎలుకల మోకాలి కార్టిలేజ్‌లో (ఎముకల చివర ఉండే నున్నటి పొరలో) చిన్న గుంత చేసి, వారం వారం ఎక్సోజోమ్‌లు ఇస్తే బాగా పూడిందని చూపించారు. మంచి పరిశోధన. కానీ ఆరోగ్యంగా ఉన్న ఎలుక మోకాలిలో కొత్తగా చేసిన గుంత వేరు, నలభై ఏళ్లు చేనులో కూర్చుని లేచిన మనిషి మోకాలు వేరు. ఇక్కడ కార్టిలేజ్ ఒక్కటే కాదు, ఎముక, లోపలి పొర, చుట్టూ ఉన్న కండరం అన్నీ మారిపోయి ఉంటాయి. మనుషుల మోకాళ్ల మీద ఇంకా చిన్న, తొలిదశ ప్రయత్నాలే నడుస్తున్నాయి.

"మా ఊళ్లో ఒకాయనకు వేశారు, తగ్గింది" అని ఎవరైనా అంటారు. అబద్ధం చెప్పారని నేననను. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందిని తీసుకుని సగం మందికి మోకాలిలో పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే తీసే, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ద్రవం), మిగతా సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చారు, ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మోకాలి నొప్పి దానంతట అదే ఎక్కువవుతుంది, తగ్గుతుంది, పైగా ఇంజెక్షన్ వేశారన్న నమ్మకానికీ బలం ఉంది. అందుకే ఉత్త సెలైన్‌తో పోల్చి చూడకుండా ఏ మోకాలి ఇంజెక్షన్‌నూ నమ్మడానికి లేదు.

మరి ఈ వెసికిల్స్ వైద్యంలో ఎక్కడా పనికి రాలేదా అంటే, వచ్చాయి. మెనింజైటిస్ బి (బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలకు వచ్చే జబ్బు) టీకా చూడండి. ఆ బ్యాక్టీరియా కూడా తన పైపొర నుంచి వెసికిల్స్ వదులుతుంది. వాటినే శుద్ధిచేసి క్యూబాలో టీకా చేశారు, తర్వాత న్యూజిలాండ్‌లో 2004లో మొదలుపెట్టి పెద్ద ఎత్తున పిల్లలకు వేశారు. ఆ న్యూజిలాండ్ రకం వెసికిల్స్ ఉన్న బెక్‌సెరో టీకాకు యూరప్‌లో 2013లో, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. పరీక్షల వైపు కూడా పని ముందుకు పోతోంది. మూత్రంలోని ఎక్సోజోమ్ ఆర్‌ఎన్‌ఏను చూసి, ప్రోస్టేట్ బయాప్సీ అవసరమా కాదా తేల్చుకోవడానికి సాయపడే పరీక్ష అమెరికాలో వాడుకలో ఉంది. చెల్లెమ్మ ఈ రంగంలోకి రావాలనుకుంటే నిస్సంకోచంగా రమ్మనండి. చేయాల్సిన పని బోలెడుంది.

చట్టం ఏమంటోంది, ఏం అడగాలి

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం స్టెమ్ సెల్స్ నుంచి తయారైన మందు ఎప్పటికీ "కొత్త మందు" కిందే లెక్క. అంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. ట్రయల్‌గా ఇవ్వాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం, సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందస్తు నమోదు ఉండాలి.

కాబట్టి క్లినిక్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. ఇది ఆమోదం పొందిన మందా, ట్రయలా? ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ నంబరు ఎంత? ఏ దాత కణాల నుంచి ఎవరు తయారుచేశారు, ఈ బ్యాచ్ పరీక్షల రిపోర్టు కాపీ ఇస్తారా? నంబరు ఇస్తే ఆ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు, అక్కడ ఆస్పత్రి పేరు, జబ్బు పేరు కలవాలి. ప్రయోగదశలో ఉన్న మందుకు రోగి దగ్గర లక్షలు వసూలు చేస్తున్నారంటే అక్కడే ఆగిపోండి. ట్రయల్‌లో హాని జరిగితే వైద్యం, పరిహారం బాధ్యత ట్రయల్ నడిపేవాళ్లది. డబ్బు తీసుకుని వేసే ఇంజెక్షన్‌కు ఆ రక్షణ ఏదీ ఉండదు.

మరి మోకాళ్లకు ఏం చేయాలి?

గ్రేడ్ 3 అంటే అరుగుదల బాగానే ఉంది, కానీ ఆ అంకె చూసి ఆపరేషన్ నిర్ణయించరు. నొప్పి ఎంత, నడక ఎంత అన్నది చూస్తారు. అందరూ తేలిగ్గా తీసుకునేది, నిజంగా ఆధారం ఉన్నది, తొడ కండరాల వ్యాయామం. ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో రోజూ, నెలల తరబడి చేయాలి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కాసేపు పట్టుకోవడం లాంటి చిన్న పనులతోనే మొదలవుతుంది. బరువు ఎక్కువుంటే తగ్గించాలి. గొంతుకు కూర్చుని కలుపు తీయడం, శనక్కాయలు ఒలవడం మానేసి ఎత్తు పీట మీద కూర్చోవాలి, మరుగుదొడ్డి కమోడ్‌ది అయితే మేలు. చేతికర్ర పట్టుకుంటే ఎక్కువ నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. నొప్పికి పూసే డైక్లోఫెనాక్ జెల్ ముందు ప్రయత్నించొచ్చు. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగడం మాత్రం వద్దు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంకొక్కటి, మన ప్రాంతం కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను. అనంతపురం జిల్లాలో చాలా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అనంతపురంలో మా చిన్నాన్నకు ఏళ్ల తరబడి మోకాళ్ల అరుగుదల అనే మందులు వాడారు. నడుం వంచలేకపోవడం, మెడ తిరగకపోవడం చూసి ఒక డాక్టరు ముంజేతి ఎక్స్‌రే తీయించారు. రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టినట్టు తెల్లగా కనిపించింది. అది ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గుర్తు. అప్పుడు నీళ్లు మార్చారు. మీ నాయనకు మోకాళ్లతో పాటు నడుము, మెడ కూడా బిగుసుకుపోయి ఉంటే డాక్టరుకు ఈ మాట తప్పక చెప్పండి, తాగే నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. దాన్ని మించితే ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం మానాలి.

ఇవన్నీ చేసినా రాత్రిపూట నిద్ర పట్టనంత నొప్పి, నాలుగడుగులు వేయలేని పరిస్థితి వస్తే అప్పుడు మోకీలు మార్పిడి గురించి ఆలోచించండి. దానికి దశాబ్దాల అనుభవం, లెక్కలు ఉన్నాయి. కర్నూలు సర్వజన ఆస్పత్రిలో గానీ, అనంతపురం పెద్దాస్పత్రిలో గానీ ఆర్థోపెడిక్ ఓపీకి ఒకసారి తీసుకెళ్లి, ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద ఏం వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

నిలబడి తీసిన మోకాలి ఎక్స్‌రే ఉందో, పడుకోబెట్టి తీశారో కనుక్కోండి. నిలబడి తీసినదాంట్లోనే కీళ్ల మధ్య సందు సరిగా తెలుస్తుంది. నీళ్ల రిపోర్టు, క్లినిక్ వాళ్లు ఇచ్చిన కరపత్రం ఫోటో వచ్చాక, పేర్లు కనబడకుండా చేసి ఇక్కడే పెట్టండి. చదివి చెబుతాను.